వాచీ వెనక ఆరు అంకెలు

"పెళ్లి 79ల అంటున్నరు. వాచీ పుట్టిందే 82ల. ఎట్ల సార్ మరి?"

కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర రెండు బట్టల షాపుల మధ్య ఇరుక్కున్నట్టుండే చిన్న డబ్బా. అందులో కూర్చున్న పెద్దాయన, కంటికి బిగించుకున్న భూతద్దం కూడా తియ్యకుండా అన్న మాట ఇది. 2011, దసరాకు ముందు. బాపు పోయి అప్పటికి నాలుగు నెలలు. బీరువాలో ఉండీ ఉండీ ఆయన వాచీ మొరాయించింది. చేతికి పెట్టుకుని ఎంత ఊపినా సెకన్ల ముల్లు పది నిమిషాలు నడిచి ఆగిపోతోంది. సర్వీసింగ్ చేయిద్దామని తీసుకెళ్తే, ఆయన ముందు మూత విప్పలేదు. వాచీ బోర్లించి, పాత చీర ముక్కతో వెనకవైపు తుడిచి, అక్కడున్న అంకెలు చదివాడు. "ఎప్పటిది సార్ ఇది?" అని అడిగాడు. నేను "మా బాపు పెళ్లిది, 1979" అన్నాను. అప్పుడు ఆ ప్రశ్న.

నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో దాని పేరే పెళ్లి వాచీ. అమ్మ, బాపుల పెళ్లి 1979 మే నెలలో అయింది. పెళ్లికొడుక్కి వాచీ, ఉంగరం, సైకిలు పెట్టడం అప్పటి లెక్క. ఉంగరం, సైకిలు తాతయ్య చూసుకున్నాడు. వాచీ మాత్రం మా మేనమామ వంతు. పెళ్లికి ఏడాది ముందే ఆయన దుబాయ్ పోయాడు. (మా వైపు మస్కట్ పోయినా, సౌదీ పోయినా దుబాయ్ పోయినట్టే. మామ పోయింది షార్జాకు.) "మా తమ్ముడు దుబాయ్ కెళ్లి సీకో వాచీ పెట్టిండు" అని అమ్మ వచ్చిన చుట్టానికల్లా చెప్తుంటే వింటూ పెరిగిన వాణ్ణి నేను. ఇప్పుడు ఎవరో వచ్చి ఆ వాచీ అప్పటికి పుట్టనే లేదంటే ఎట్లా?

"తప్పు చదివిన్రేమో" అన్నాను. ఆయన ఏమీ అనకుండా భూతద్దం తీసి నా చేతిలో పెట్టాడు.

అప్పటిదాకా ఆ వాచీ వెనకవైపు ఏముందో నేను ఎప్పుడూ చూడలేదు. ముప్పై ఏళ్ల చెమట, మట్టి, బాపు పూసుకునే కొబ్బరినూనె, అంతా అంచుల్లో నల్లగా గట్టిపడి ఉంది. ఆయన అగ్గిపుల్లను చెక్కి సన్నగా చేసి ఆ మురికిని గీకుతుంటే ఒక్కో అక్షరం బయటపడింది. అంచు వెంట కంపెనీ పేరు, స్టీలు అని, నీళ్లకు తట్టుకుంటుందని గుండ్రంగా రాసుంది. లోపలివైపు 7009తో మొదలయ్యే నంబరు ఒకటి. దాని దగ్గరే ఇంకోటి. 2ఎన్1847.

"చూసిన్రా? రెండు అంటే సంవత్సరం. ఎన్ అంటే నవంబరు. కడమదంతా ఆ నెల లెక్క."

జపాన్ కంపెనీ సీకో వాళ్ల పద్ధతి అది. మొదటి అంకె సంవత్సరంలోని ఆఖరి అంకె. రెండోది నెల. జనవరి నుంచి సెప్టెంబరు దాకా 1 నుంచి 9. అక్టోబరుకు ఓ, నవంబరుకు ఎన్, డిసెంబరుకు డి. మిగిలిన నాలుగూ ఆ నెలలో తయారైన వాటి వరస సంఖ్య. 60ల చివర్లో ఈ ఆరు స్థానాల లెక్క కుదురుకుంది. అంతకు ముందు వాచీల మీద ఏడు ఉండేవి. చిక్కంతా ఆ మొదటి అంకెతోనే. 2 అంటే 1972 కావచ్చు, 82 కావచ్చు, 92 కావచ్చు. దశాబ్దం ఎక్కడా రాసి ఉండదు. అది మనమే పట్టుకోవాలి. నేను ఆశగా "72 అయితే?" అన్నాను.

"72ల ఈ మిషనే లేదు సార్" అన్నాడాయన, 7009 మీద గోరు పెట్టి. ఆ నాలుగు అంకెలు లోపలి మిషన్ నంబరు. అది వచ్చిందే 70ల రెండో సగంలో. మరి 92? నేను మూడో తరగతిలో ఉన్నప్పుడే నా మణికట్టుకు ఈ వాచీ చుట్టి, వదులైతే మోచేతి దాకా లాగి నవ్వేవాడు బాపు. కాబట్టి 92 కాదు.

సర్వీసింగుకు మూడు వందల యాభై తీసుకున్నాడు. వాచీ నడిచింది. మళ్లీ రాత్రి పన్నెండు దాటాక దాని కిటికీలో వారం పేరు అరబ్బీలోకి మారింది.

ఇది చెప్పకుండా ముందుకు పోలేను. బాపు వాచీ సీకోలోనే ఫైవ్ అనే రకం. గల్ఫ్ షాపుల కోసం చేసిన సీకో ఫైవ్‌లలో వారం పేర్లు ఇంగ్లిష్, అరబ్బీ రెండిట్లోనూ ఉంటాయి. చక్రం మీద ఏడు కాదు, పద్నాలుగు పేర్లు. బాపు ఇంగ్లిష్‌కే పెట్టుకునేవాడు. కానీ అర్ధరాత్రి వారం మారేటప్పుడు చక్రం రెండు అడుగులు వెయ్యాలి. మొదటి అడుగుకు అరబ్బీ పేరు వచ్చి కూర్చుంటుంది. తెల్లవారుజామున ఎప్పుడో రెండో అడుగు వేసి ఇంగ్లిష్‌కు వస్తుంది. చిన్నప్పుడు కోజాగరి పున్నమికో, ఊరికి పోయే మొదటి బస్సుకో రెండు మూడు గంటలకు లేపితే, నేను మొదట చేసే పని బాపు చెయ్యి పట్టుకుని వాచీ చూడటం. ఆ కిటికీలో మెలికల అక్షరాలుండేవి. అవి మామ ఉన్న దేశం అక్షరాలని, మామ అక్కడి నుంచి రాత్రిళ్లు వాచీలో కనిపిస్తాడని నాకో నమ్మకం.

ఇంటికొచ్చాను. అమ్మను అడగలేదు. బాపు పోయిన నాలుగు నెలలకు, పెళ్లి వాచీ పెళ్లిది కాదట అని ఏ నోటితో అడుగుతాం? కానీ మనసులో పురుగు తొలవడం మొదలైంది. పెట్టె తీసి పెళ్లి ఫొటో చూశాను. నలుపు తెలుపు. తలకు పాగా, చెంపకు చుక్క, మెడలో దండ, ఎడమ చెయ్యి మోకాలి మీద. ఆ చేతికి వాచీ ఉంది. ఉంటే ఇంకేం, అనుకున్నాను. మళ్లీ భూతద్దం పెట్టి చూశాను. సీకో ఫైవ్‌కి ముళ్లు తిప్పే బుడిపె నాలుగు అంకె దగ్గర లోపలికి నొక్కుకుని ఉంటుంది. ఆ కంపెనీ 1963లో తెచ్చిన మొదటి ఫైవ్ నుంచీ అదో గుర్తు. ఫొటోలోని వాచీకి బుడిపె మూడు అంకె దగ్గర, బయటికి పొడుచుకుని ఉంది. పైగా దీనిది స్టీలు చైను, ఫొటోలోది తోలు బెల్టు.

అంటే బాపు పెళ్లినాడు పెట్టుకున్నది వేరే వాచీ. ఎవరిది?

ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఈలోగా రోగం అంటుకుంది. ఎవరి చేతికి పాత సీకో కనిపించినా "ఒక్కసారి తీసియ్యరా?" అని అడిగేవాణ్ణి. బోర్లించి నంబరు చదివి, "ఇది 84 జులైది" అంటే వాళ్లు ముక్కు మీద వేలేసుకునేవాళ్లు. మా ఆఫీసు అటెండరు చేతికున్నది 81 ఏప్రిల్‌ది. "నేనూ 81 ఏప్రిల్‌లనే పుట్టిన సార్" అన్నాడు. ఆ రోజు నుంచి అతను దాన్ని తియ్యకుండా స్నానం చేస్తున్నాడని భార్య వచ్చి కంప్లయింట్ చేసింది.

హైదరాబాద్‌లో ఉద్యోగం కాబట్టి ఆదివారాలు ఎర్రగడ్డ సంత. సెలవు దొరికితే గురువారం జుమ్మేరాత్ బజార్. పాత రిమోట్లు, విరిగిన మిక్సీ జార్లు, ఒంటి బూటు, వీటి మధ్య టార్పాలిన్ మీద వాచీలు గుట్టపోసి ఉంటాయి. అక్కడ నేర్చుకున్న మొదటి పాఠం, వాచీని ముందు బోర్లించకూడదు. బోర్లించి చూసేవాడికి ఏదో తెలుసని అమ్మేవాడికి తెలిసిపోతుంది, మూడు వందలది తొమ్మిది వందలవుతుంది. పక్కనున్న పనికిరాని క్వార్ట్జ్ (బ్యాటరీ) వాచీ బేరం ఆడుతూ, చేతిలో ఊరికే తిప్పుతున్నట్టు అసలు దాన్ని చూడాలి. అరిగిపోయిన నంబరు మీద మొబైల్ టార్చి తిన్నగా వేస్తే ఏమీ కనిపించదు. పక్క నుంచి, నేలకు ఆనించినంత వాలుగా వెయ్యాలి. అప్పుడు గాడిలో నీడ పడి అంకె లేస్తుంది. అప్పటికీ లేవకపోతే జేబులో పొట్లం కట్టుకున్న పౌడరు. వేలితో రాసి, ఉఫ్ అని ఊదితే గాడిలో మాత్రం తెల్లగా నిలుస్తుంది. మొహానికి రాసుకునే పౌడరే. మా ఆవిడ ఈ ఖర్చు ఏ పద్దులో రాయాలో అర్థంకాక చాలాకాలం బాధపడింది.

మొదట్లో నాకు కావాల్సింది ఒకటే, నా పుట్టిన నెల. 1983 మార్చి. అంటే 33తో మొదలయ్యేది. అది ఆరు నెలల్లో దొరికింది. దొరికాక ఆగాలి కదా. ఆగలేదు. ఎందుకంటే అప్పటికి వింత నంబర్ల పిచ్చి ఎక్కింది.

మనవాళ్లకు అంకెల మోజు కొత్తేమీ కాదు. కారు నంబరు 9999 కోసం ఖైరతాబాద్ ఆర్టీయే ఆఫీసులో లక్షలు పాడేవాళ్లున్న ఊరు మనది. నోటు మీద 786 ఉంటే దాన్ని ఖర్చు పెట్టకుండా పర్సులో దాచుకునేవాళ్లు ప్రతి బస్తీలోనూ ఉంటారు. వాచీల్లో ఈ వేటకు ఇంకో మెలిక ఉంది. మొదటి రెండు స్థానాలూ తేదీవి కాబట్టి అన్ని నంబర్లూ ఎప్పుడైనా పుట్టవు. ఆరు ఏడులు వరసగా కావాలంటే అది ఏడుతో ముగిసే సంవత్సరం జులై నెలలోనే, 7777వదిగానే పుట్టాలి. ఆరు తొమ్మిదులైతే 79 సెప్టెంబరో, 89 సెప్టెంబరో. 123456 కావాలంటే 71 ఫిబ్రవరి లేదా 81 ఫిబ్రవరి. పదేళ్లకు ఒక నెల తలుపు తెరుచుకుని మూసుకుపోతుందన్నమాట. ఆరు సున్నాలు మాత్రం జన్మలో రావు, సున్నా నెల లేదు కాబట్టి. అక్టోబరు ఓను సున్నా అనుకుని ఎగిరి గంతేసిన కొత్తవాళ్లు ఉన్నారు. వాళ్లలో నేనూ ఒకణ్ణి.

జుమ్మేరాత్ బజార్‌లో ఒక ముసలాయన దగ్గర చివర 0786 ఉన్నది చూశాను. డయల్ ఎండకు పాలిపోయి చాయ్ రంగుకు తిరిగింది, అద్దం పగిలింది. మామూలుగా రెండొందలు చెప్పాల్సిన సరుకు. నేను పక్కది బేరమాడుతూ, ఎంతో తెలివిగా, "ఇది కూడా కలిపి ఇస్తావా చాచా?" అన్నాను. ఆయన నవ్వి నా చేతిలోంచి దాన్ని మెల్లగా తీసుకున్నాడు. "ఏ బేచ్నే కా నై సాబ్" అని, పర్సులోంచి మడతలు పడిన పది రూపాయల నోటు తీసి దాని నంబరు చూపించాడు. అదీ 786. అమ్మకానికి కాని దాన్ని టార్పాలిన్ మీద ఎందుకు పెట్టినట్టు? వ్యాపారానికి బరకత్ కోసమట. ఆ తర్వాత నాలుగైదు సార్లు పోయాను. ప్రతిసారీ అది అక్కడే, అన్నిటికంటే పైన, పగిలిన అద్దంతో.

చివర 1116 ఉన్నది సుల్తాన్ బజార్ సందులో ఒక రిపేరు షాపులో దొరికింది. దాని కోసం రెండేళ్లు తిరిగాను. వెయ్యి నూట పదహార్లు చదివించినట్టుండే వాచీ కంటే తెలుగువాడికి మంచి కానుక ఇంకేముంటుందని నా ఆలోచన. బాగు చేయించి మా చెల్లె పెళ్లికి బావకు పెట్టాను, ఆ నంబరు కథంతా చెప్పి మరీ. బావ శ్రద్ధగా విని, "థాంక్స్ బావా, చార్జర్ ఏ టైపు?" అన్నాడు. దానికి చార్జింగ్ అక్కర్లేదని, చెయ్యి ఊపితే లోపల ఒక బరువు తిరిగి స్ప్రింగు చుట్టుకుంటుందని వివరించాను. ఇప్పుడది వాళ్ల ఫ్రిజ్ మీద ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఎనిమిదుల దగ్గర తిన్నాను. ఎర్రగడ్డలో, వాన తుంపరలో, టార్చి వాలుగా వేస్తే ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది. నా గుండె నాకే వినిపించింది. 1988 ఆగస్టు, 8888వది. అడిగినంత ఇచ్చేశాను. ఎంతో చెప్పను, ఇది మా ఆవిడ కూడా చదువుతుంది. ఇంటికొచ్చి సబ్బు నీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే, అయిదో ఎనిమిదిలో ఎడమవైపు నిండినది గాడి కాదు, మురికి. 888838. ఆ ఒక్క మూడును ఎన్ని రకాలుగా చూసినా ఎనిమిది కాలేదు. ఆ వాచీ ఇప్పటికీ ఉంది. రోజుకు ఒక్క నిమిషం కూడా తప్పదు, మహా నిజాయితీపరురాలు.

చివర 0420 ఉన్నది కూడా కొన్నాను, కేవలం సరదాకు. పేరుకు తగ్గట్టే ఉంది. మూత మీద 6309, డయల్ అడుగున ఆరు అంకె కింద సన్నటి అక్షరాల్లో 7009, లోపల ఇంకేదో మిషన్. మూడు వాచీల శవాలు కలిపి కుట్టిన అతుకుల బొంత. (కొత్త చట్టం వచ్చాక ఆ సెక్షన్ 318 అయిపోయింది. కానీ వాచీ మీది నంబరును ఎవరు మారుస్తారు?) ఇలాంటివి బజార్లో కోకొల్లలు. బొంబాయిలో డయల్స్‌కు నారింజ, నెమలిపింఛం రంగులు కొట్టి, అరిగిన అంచులు సానబట్టి పంపిస్తారు. మెరుపు ఎక్కువైన పాత వాచీని నమ్మకూడదు. సానబట్టినప్పుడు మొదట పోయేది నంబరే.

ఆ 420 గాడు నాకొక సంగతి నేర్పాడు. వెనక నంబరు చెప్పేది ఆ మూత వయసు మాత్రమే. మూత మార్చి ఉంటే కథ మారిపోతుంది. అది తెలిసిన రాత్రి లేచి కూర్చున్నాను. బాపు వాచీ మూత ఎప్పుడైనా మార్చి ఉంటే? అసలు వాచీ 79దే అయి, ఎవరో రిపేరువాడు 82 మూత తగిలించి ఉంటే? డయల్ కింది అక్షరాలు చూశాను, 7009. మిషన్ మీద కూడా 7009. అన్నీ ఒక తల్లి పిల్లలే. కానీ అది సంవత్సరాన్ని తేల్చదు. తేల్చగలిగింది ఒక్కరే. ఆమె వంటింట్లో మక్క గటక కలుపుతోంది. నేను ఇంకా అడగలేదు.

అమ్మే చెప్పింది, నేను అడగకుండానే. 2016 జనవరి. టీవీలో వార్తలు. హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసెయ్యాలని కేంద్రం నిర్ణయించిందని చెప్తున్నారు. 1961లో జపాన్ సిటిజన్ వాళ్ల సహకారంతో బెంగళూరులో మొదలైన ఫ్యాక్టరీ. క్వార్ట్జ్ వచ్చి, టైటాన్ వచ్చి, దాని రోజులు అయిపోయాయని. తెర మీద జనత వాచీ బొమ్మ, తెల్ల డయల్, నల్ల బెల్టు. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తి, "మీ బాపు పెండ్లికి పెట్టుకున్నది గసోంటిదే" అంది.

నేను కదల్లేదు. కదిలితే ఆగిపోతుందేమోనని.

"సీకో గదా అమ్మా?"

"సీకో యాడిది? మీ మామకు అప్పుడు జీతమే ఇయ్యలే. పోయిన కంపెనీ ఏడాది పని చేయించుకుని ఎగ్గొట్టింది. పాస్‌పోర్టు వాళ్ల కాడనే. పెండ్లికి వాచీ పంపుతా అని ఉత్తరం రాసిండు. వాచీ రాలే, వాడూ రాలే."

చేట పక్కన పెట్టి మొత్తం చెప్పింది. పెళ్లి రేపనగా వాచీ రాలేదని తెలిసింది. మగపెళ్లివారిలో అప్పటికే గుసగుసలు. మా బాపమ్మ సంగతి తెలిసినవాళ్లెవరైనా ఆ రాత్రి అమ్మ వాళ్లింట్లో ఎవరూ నిద్రపోలేదంటే నమ్ముతారు. బాపుకు ఎవరి ద్వారానో కబురు చేరింది. ఆయన తనతో పాటు బడిలో చెప్పే ఇంకో టీచరు చేతి వాచీ అడిగి పెట్టుకుని పీటల మీద కూర్చున్నాడు. ఎవరు అడిగినా "బామ్మర్ది పంపిండు" అన్నాడు. మూడు రోజులయ్యాక ఆ టీచరు వాచీ ఆయనకు ఇచ్చేశాడు.

"మరి తర్వాత? బాపమ్మ అడగలేదా?"

"అడగకేం? రోజూ అడిగేది. రిపేరుకిచ్చిన అనెటోడు మీ బాపు."

"ఎన్ని రోజులు?"

అమ్మకు నవ్వు ఆగలేదు. పైట నోటికి అడ్డం పెట్టుకుంది. "నాలుగేండ్లు."

నాలుగేళ్లు. ప్రతి సంక్రాంతికీ, బోనాలకూ, దసరాకూ ఆ వాచీ కరీంనగర్‌లో రిపేరులోనే ఉంది. ఒకసారి స్ప్రింగు దొరకలేదు. ఒకసారి సామాను బొంబాయి నుంచి రావాలి. ఒకసారి రిపేరాయన తల్లి చనిపోయింది. బడికి ఆలస్యం కాకుండా బాపు గాంధీ బొమ్మ దగ్గరి హోటల్లో గోడ గడియారం చూసుకుని పోయేవాడట. 83లో, నేను పుట్టిన రెండు నెలలకు, మామ మొదటిసారి సెలవు మీద ఊరికి వచ్చాడు. రెండో కంపెనీలో కుదురుకున్నాడు అప్పటికి. పానసోనిక్ టేప్ రికార్డరు, సెంటు సీసాలు, టైగర్ బామ్, నాకో గిలక, బావకు సీకో ఫైవ్. 82 నవంబరులో జపాన్‌లో పుట్టి, షార్జా దుకాణంలో కొన్నాళ్లు కూర్చుని, బొంబాయి మీదుగా మా ఊరికొచ్చింది 2ఎన్1847. బాపు ఆ సాయంత్రమే కరీంనగర్ బస్సెక్కి, రాత్రి దాకా ఊరికే తిరిగి, వాచీ చేతికి పెట్టుకుని ఇంటికొచ్చాడు.

"అవ్వా, రిపేరయింది" అన్నాడట.

మామకు ఈ నాలుగేళ్ల సంగతి తెలియదు. ఇప్పటికీ తెలియదు. ఊళ్లో కిరాణం నడుపుకుంటున్నాడు. పెళ్లికి వాచీ పంపలేకపోయానన్న బాధ ఆయనకు ఉండే ఉంటుంది. కానీ బావ తనను ఎట్లా కాపాడుకొచ్చాడో ఎవరూ చెప్పలేదు. చెప్పొద్దని అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది. ఆయన ఫోన్‌లో వీడియోలు తప్ప ఇలాంటి పెద్ద రాతలు చదవడు కాబట్టి రాస్తున్నాను.

ఆ రోజు నుంచి నా వేట ఒక నెల మీదికి వచ్చి ఆగింది. 95తో మొదలయ్యేది. 1979 మే. నిజానికి మేలో జపాన్‌లో తయారైన వాచీ మేలోనే మా ఊరి పెళ్లిపీటల మీదికి రావడం జరగని పని. లెక్క ప్రకారం 78 చివరిదో, 79 మొదట్లోదో వెతకాలి. కానీ ఈ విషయంలో నేను లెక్క వినదల్చుకోలేదు.

95లు తక్కువేమీ కాదు. కానీ దొరికినవన్నీ ఏదో ఒక వంక ఉన్నవే. ఒకదానికి డయల్‌కు రంగు కొట్టారు. ఒకదానికి లోపల మిషన్ వేరేది. డాలస్‌లో ఉన్న మా చిన్ననాటి దోస్తు అక్కడ ఒకటి చూసి ఫొటోలు పంపాడు. అచ్చంగా ఉంది. కానీ వారం పేర్లు ఇంగ్లిష్, స్పానిష్‌లో ఉన్నాయి. వద్దన్నాను. వాడికి కోపం వచ్చింది. వాడి వేట వేరే, 1973లో స్కైలాబ్‌కు పోయిన పోగ్ అనే వ్యోమగామి చేతికి పెట్టుకున్న పసుపు డయల్ సీకో లాంటిది. అది అధికారికంగా ఇచ్చిన వాచీ కాదు, ఆయన సొంతంగా కొనుక్కుని తీసుకుపోయింది. నాసా ఇచ్చింది ఒమేగా. "అంతరిక్షానికి పోయిన మోడల్ కోసం నేను వెతుకుతుంటే, నువ్వు అరబ్బీ ఆదివారం కోసం ఏడుస్తున్నావు" అన్నాడు. నిజమే.

2019లో, ఎర్రగడ్డలోనే దొరికింది. 6309 మిషన్, తెల్ల డయల్, చైను సగం తెగింది. పౌడరు రాసి ఊదితే 95, తర్వాత ఏ వింతా లేని నాలుగు అంకెలు. బుడిపె లాగి ముళ్లు అర్ధరాత్రి దాటించి చూశాను. కిటికీలో అరబ్బీ వచ్చింది. ఆరొందలన్నాడు. బేరమాడలేదు. అమ్మినవాడికి ఏదో పోగొట్టుకున్నట్టు మొహం పడిపోయింది.

టవర్ సర్కిల్ పెద్దాయన దగ్గరే సర్వీసింగ్ చేయించాను. చూపు తగ్గిందని కొడుకును పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నంబరు మాత్రం తనే చదివాడు, వేలికొనతో తడిమి. "ఇది 79. సరిపోయింది సార్ ఇప్పుడు" అన్నాడు. ఎనిమిదేళ్ల కిందటి మాట ఆయనకు గుర్తుందో, ఊరికే అన్నాడో, నేను అడగలేదు.

ఇంటికి పోయి అమ్మ చేతిలో పెట్టాను. ఆమె కళ్లద్దాలు వెతుక్కుని పెట్టుకుంది. చెవి దగ్గర పెట్టుకుని విన్నది. తిప్పి వెనక చూసింది, ఆ అంకెలు ఆమెకేం చెప్తాయి. మళ్లీ ముందుకు తిప్పింది.

"రిపేరు ఇప్పుడయిందా?" అంది.